సెగగడ్డలో అద్భుతరసం

బీభత్సానికి ఆలంబనాలు చెప్పవలసి వచ్చినప్పుడు విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో దుర్గంధాన్ని, మాంసాన్ని, నెత్తురును, కొవ్వును లెక్కపెట్టాడు. ఆ పంక్తిలో చీముకు అడగకుండానే చోటు దొరుకుతుంది. సెగగడ్డ పగిలితే ముఖం తిప్పుకుంటాం, దూదితో తుడిచి పారేస్తాం, చేతులు కడుక్కుంటాం. అయినా నా మనవి వేరు. ఆ చీమును, దానికి ముందు వచ్చే ఎరుపును, ఉబ్బును, సలుపును అద్భుతరసానికి ఆలంబనాలుగా చదవాలి. చర్మం కింద ఏం జరుగుతోందో ఒకసారి తెలిశాక విస్మయం తప్ప మరో భావం నాలో స్థాయిగా నిలవలేదు. ఆ విస్మయానికి మూలం మన ఒంటి ఎదురుదాడిలోని ఉగ్రత అని చాలామంది అనుకుంటారు. నన్ను కట్టిపడేసింది దానిలోని ఔచిత్యం. ఎక్కడ మొదలవాలో, ఎంతవరకు సాగాలో, ఎప్పుడు విరమించాలో తెలిసిన రచన అది.

గోరు మూల చిన్న పొర లాగేస్తే వచ్చే గోరుచుట్టునే తీసుకోండి. మరునాటికి వేలికొన ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది, ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది, రాత్రి నిద్ర పట్టనివ్వదు. ఎరుపు, వాపు, వేడి, నొప్పి. ఈ నాలుగింటినీ ఒక వరుసలో కూర్చి రాసినవాడు మొదటి శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్. ఇన్‌ఫ్లమేషన్ అనగానే వైద్యవిద్యార్థులు నేటికీ ఆ నాలుగే అప్పజెబుతారు. మన సుశ్రుతుడు ఇదే సంగతిని కాలంలో పరిచి చూశాడు. వ్రణశోథకు ఆమం, పచ్యమానం, పక్వం అని మూడు అవస్థలు చెప్పాడు. పచ్చిగా ఉండగానే కత్తి పెట్టే వైద్యుణ్ణీ, పండిన తరువాత కూడా పోల్చుకోలేక వదిలేసే వైద్యుణ్ణీ ఒకే గాట కట్టి నిందించాడు. సెల్సస్ చూపు చిత్రకారుడిది, సుశ్రుతుడిది నాటకకర్తది. నాకు రెండోదే ఎక్కువ నచ్చుతుంది. శోథలోని అందమంతా అది కాలంలో విప్పుకునే తీరులోనే ఉంది.

లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ తుపాకి గాయాలకు వైద్యం చేసిన అనుభవంతో ఒక పుస్తకం రాశాడు. ఆయన పోయిన మరుసటి ఏడు, 1794లో, అది అచ్చయింది. ఈ మంటా వాపూ తమంతట తాము రోగం కావనీ, ఒంటికి మేలు చేయడానికి పుట్టే చర్య అనీ అందులో రాశాడు. రసపరిభాషలో చెప్పాలంటే, పైకి కనిపించే ఆ నాలుగు లక్షణాలూ అనుభావాలు. వాటిని పుట్టించిన విభావం చర్మం కింద ఉంది.

చర్మం చీలిన చోటినుంచి స్టఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా లోపలికి జారిందనుకుందాం. సెగగడ్డలకు ఎక్కువగా కారణమయ్యేది అదే. చర్మం కింద అప్పటికే కొన్ని కణాలు కాపురం ఉన్నాయి. మాక్రోఫేజ్‌లు, మాస్ట్ కణాలు అక్కడివే. ఈ మాక్రోఫేజ్ ఈ బాక్టీరియాను ఇంతకు ముందు ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. దానికి ఎవరూ పాఠం చెప్పలేదు, ఏ టీకా ముందుగా హెచ్చరించలేదు. అయినా క్షణాల్లో ఇది పరాయిదని పోల్చుకుంటుంది. ఎలా?

యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన చార్లెస్ జేన్‌వే 1989లో దీనికి ఒక ఊహ చెప్పాడు. అప్పటికి ఆయన చేతిలో రుజువు లేదు, తర్కం మాత్రమే ఉంది. సూక్ష్మజీవులకు ఉండి మనకు లేని కొన్ని నిర్మాణాలు ఉంటాయి. వాటిని పట్టుకునే గ్రాహకాలు పుట్టుకతోనే మన కణాలమీద ఉండి తీరాలి. ఇదీ ఆయన ఊహ. 1996లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో జూల్స్ హాఫ్‌మన్ బృందం పండ్లమీద వాలే చిన్న ఈగలో టోల్ అనే జన్యువును పరిశీలించింది. ఆ జన్యువు చెడిన ఈగలు బూజుజాతి శిలీంద్రం సోకగానే చచ్చిపోయాయి. చచ్చిన ఈగ ఒంటినిండా బూజు నూగులా మొలిచిన ఛాయాచిత్రం ఒకటి ఉంది. జీవశాస్త్రంలో నేను చూసిన అతి విషాదమైన చిత్రాల్లో అదొకటి. ఒక్క జన్యువు లేకపోతే ప్రాణికీ బూజుకూ మధ్య ఏమీ మిగలదని ఆ ఒక్క బొమ్మ చెబుతుంది. రెండేళ్లకు, 1998లో, అమెరికాలో బ్రూస్ బ్యూట్లర్ ఎలుకల్లో దీని చుట్టాన్నే పట్టుకున్నాడు. కొన్ని బాక్టీరియాల పైగోడలో ఉండే లైపోపాలిసాకరైడ్‌ను గుర్తించే గ్రాహకం అది. హాఫ్‌మన్‌కూ బ్యూట్లర్‌కూ 2011 నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. జేన్‌వే అప్పటికి లేడు, 2003లోనే పోయాడు.

మనిషిలో ఇలాంటి టోల్ గ్రాహకాలు సుమారు పది. పదంటే పదే! సూక్ష్మజీవుల లోకమంతా ఆ పదింటి చూపులోకి రావాలి. అందుకే అవి ఏరుకున్న గుర్తులను చూడండి: బాక్టీరియా గోడలోని ముక్కలు, ఈదే బాక్టీరియాల కశాభంలోని ప్రోటీన్, వైరస్‌ల జంటపేట ఆర్‌ఎన్‌ఏ. ఇవి ఆ జీవులు ఎన్ని వేషాలు మార్చినా వదులుకోలేనివి. గోడ లేకుండా ఆ బాక్టీరియా బతకలేదు, కశాభం లేకుండా ఈదలేదు. శత్రువు ముఖాన్ని గుర్తుపెట్టుకోవడం తరువాత వచ్చే యాంటీబాడీల పని. ఈ మొదటి కాపలాకు ముఖంతో పనిలేదు, శత్రువు ఉనికికి ఆధారమైనదాన్నే పట్టుకుంటుంది. ఇంత పొదుపుగా ఇంత విస్తృతి సాధించిన రచన మరొకటి చూపమంటే నాకు తోచదు.

గుర్తించిన మాక్రోఫేజ్ వెంటనే రసాయన సందేశాలు వదులుతుంది. పక్కనున్న మాస్ట్ కణాలు తమలో నింపుకున్న హిస్టమిన్‌ను కుమ్మరిస్తాయి. సన్నని ధమనికలు విప్పారతాయి, నెత్తురు ఎక్కువగా పారుతుంది. ఎరుపూ వేడీ అందుకే. అతి చిన్న సిరల గోడల్లో కణాలు ఒకదానినుంచి ఒకటి కొద్దిగా ఎడంగా జరుగుతాయి, ఆ సందుల్లోంచి ప్లాస్మా కారుతుంది. వాపు అందుకే. ఆ కారిన నీటిలో కాంప్లిమెంట్ ప్రోటీన్లు ఉంటాయి. అవి బాక్టీరియా ఒంటిని పూతలా అంటుకుని, భక్షక కణాలు తేలిగ్గా పట్టుకునేలా చేస్తాయి. బ్రాడికైనిన్ నొప్పి పుట్టిస్తే, ప్రోస్టాగ్లాండిన్‌లు నరాలను ఎంత సున్నితం చేస్తాయంటే దుప్పటి అంచు తగిలినా ప్రాణం జివ్వుమంటుంది. ఆస్పిరిన్ ఈ ప్రోస్టాగ్లాండిన్‌ల తయారీనే ఆపుతుందని 1971లో జాన్ వేన్ చూపించాడు. నొప్పికి కూడా ఇందులో పాత్ర ఉంది. ఆ వేలిని మనం ఎత్తి పట్టుకునేలా, దేనికీ తగలనివ్వకుండా కాచుకునేలా చేసేది అదే.

దీనిలో కొంత భాగాన్ని మీరు మీ ముంజేతిమీదే చూడవచ్చు. మొద్దుగా ఉన్న కొనతో, చర్మం చీలకుండా, కాస్త గట్టిగా ఒక గీత గీయండి. ముందు గీత ఎర్రబడుతుంది. కాసేపటికి ఆ ఎరుపు గీత దాటి చుట్టూ పరుచుకుంటుంది. కొందరిలో గీత ఉన్నచోట దద్దురులా ఉబ్బుతుంది. ఈ మూడంచెల వరుసను 1927లో బ్రిటిష్ వైద్యుడు థామస్ లూయిస్ వివరంగా రాశాడు. రెండో ఎరుపు, ఆ పరుచుకునేది, నరాల ద్వారా వస్తుంది. రెండు నిమిషాలు కదలకుండా కూర్చుని ఆ ఎరుపు అంచు జరగడాన్ని చూడగలిగినవారికి ఈ వ్యాసంలో మిగతాది నేను చెప్పనక్కర లేదు.

అయినా చెబుతాను, ఎందుకంటే ఈ నాటకంలో నాకు అత్యంత ప్రియమైన ఘట్టం ఇంకా రాలేదు. 1867లో బెర్లిన్‌లో యూలియస్ కోన్‌హైమ్ బతికున్న కప్ప పేగులను పట్టి ఉంచే పలుచని పొరను సూక్ష్మదర్శిని కింద పరిచి, గంటల తరబడి చూస్తూ కూర్చున్నాడు. రక్తనాళాలు విప్పారాయి. ప్రవాహం మొదట వేగం పుంజుకుని, తరువాత మందగించింది. ఎర్రకణాలు నడిమధ్య పరుగెత్తుతుంటే తెల్లకణాలు అంచుకు జరిగాయి. గోడను ఆనుకుని నిలిచాయి. ఆ తరువాత గోడకు అవతలి వైపున సూదిమొనంత మొటిమ ఒకటి పొడుచుకొచ్చింది. మొటిమ పెరిగింది, లోపలి భాగం తరిగింది. చివరికి కణం మొత్తం నాళం బయట ఉంది! చీములోని కణాలు ఎక్కడినుంచి వస్తాయని వైద్యులు ఎంతో కాలంగా వాదించుకుంటున్నారు. కోన్‌హైమ్ వాదించలేదు, కళ్లు తిప్పకుండా చూశాడు.

ఇప్పుడు ఆ అంచుకు జరగడం, ఆగడం వెనక ఏముందో తెలుసు. రక్తనాళపు లోగోడ కణాలు సెలెక్టిన్ అనే ప్రోటీన్‌ను పొట్లాలుగా దాచుకుని ఉంటాయి. హిస్టమిన్ తగిలిన నిమిషాల్లో దాన్ని పైకి తెచ్చి నిలబెడతాయి. ప్రవాహంలో కొట్టుకుపోతున్న న్యూట్రోఫిల్ అనే తెల్లకణం ఒంటిమీది చక్కెర గొలుసులు దానికి తగులుతాయి. ఆ పట్టు బలహీనమైనది, పట్టినంతలోనే విడిపోతుంది. విడిపోయేలోగా మరొకటి పట్టుకుంటుంది. ఏటి ఒరవడిలో కొట్టుకుపోతున్నవాడు ఒడ్డున వేలాడే గడ్డిపోచలను ఒక్కొక్కటిగా అందుకుంటూ, ఒకటి తెగేలోపు మరొకటి పట్టుకుంటూ వేగం తగ్గించుకున్నట్టు, ఆ కణం గోడవెంట దొర్లుతుంది. ఈ పట్టులో వింత ఏమిటంటే కొంత మేరకు లాగేకొద్దీ అది బిగుస్తుంది. కొన్ని సెలెక్టిన్‌ల విషయంలో ప్రవాహం మరీ నెమ్మదిస్తే దొర్లడం కూడా కుదరదు, కణం విడివడి కొట్టుకుపోతుంది. తనను ఈడ్చుకుపోయే ప్రవాహాన్నే ఆసరా చేసుకుని ఆగడం నేర్చిన పొందిక ఇది. ప్రతికూలతను రసపోషణకు వాడుకోవడం మహాకవుల లక్షణమని మనవాళ్లు అంటారే, దానికి ఇంతకన్న సూక్ష్మమైన ఉదాహరణ నాకు తెలియదు.

దొర్లుతున్న కణానికి గోడమీద అతికి ఉన్న మరో సంకేతం తగులుతుంది. అప్పుడు దాని ఒంటిమీద ముడుచుకుని ఉన్న ఇంటెగ్రిన్ అనే ప్రోటీన్లు నిటారుగా లేచి గోడను గట్టిగా పట్టుకుంటాయి. కణం ఆగింది. పల్చగా పరుచుకుని, తగిన సందు వెతుక్కుని, రెండు గోడకణాల మధ్యనుంచి దూరుతుంది. దాని కేంద్రకం మూడు నుంచి ఐదు తమ్మెలుగా విడి ఉంటుంది. ఇరుకు సందుల్లో నలిగి సాగడానికి ఆ రూపం వీలుగా ఉంటుంది. మామూలు రక్తపరీక్ష స్లైడులో ఊదారంగు పూసలు గుచ్చినట్టు కనపడే ఆ కేంద్రకం అందమైన వస్తువు. దాని అందం దాని ప్రయాణానికి పనికొస్తుందని తెలిసినప్పుడు అందం రెట్టింపు అయింది.

ఈ ఇంటెగ్రిన్‌లలో ఒక భాగం పుట్టుకతోనే లోపించిన పిల్లలు అరుదుగా ఉంటారు. వాళ్లకు బొడ్డు ఊడటం వారాల తరబడి ఆలస్యమవుతుంది. నెత్తురు నిండా న్యూట్రోఫిల్‌లు ఉంటాయి, అవి గోడ దాటలేవు. పుండు పడుతుంది, ముదురుతుంది, అందులో చీము మాత్రం పట్టదు. చీము లేని పుండు! మనం అసహ్యించుకునే ఆ పదార్థం లేకపోతే ఎంత భయంకరమో ఆ పసిపిల్లల తల్లిదండ్రులకు తెలుసు.

ఇక ఒక చలనచిత్రం సంగతి. 1950ల్లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ రోజర్స్ అనే వైద్యుడు సూక్ష్మదర్శినికి 16 మిల్లీమీటర్ల కెమెరా తగిలించి మనిషి నెత్తురు బొట్టును చిత్రించాడు. నలుపు తెలుపుల్లో ఉన్న మూగ చిత్రం. తెరనిండా గుండ్రంగా, నిశ్చలంగా ఎర్రకణాలు పరుచుకుని ఉంటాయి. వాటి మధ్య ఒకే ఒక్క న్యూట్రోఫిల్ ఉంటుంది, నిలకడలేని ఆకారంతో, లోపల రేణువులు ఉడుకుతున్నట్టుగా. దానికి కొంచెం ముందు ఒక నల్లని చుక్క. అది స్టఫైలోకాకస్. న్యూట్రోఫిల్ తన ఒంటినుంచే ఒక మిథ్యాపాదాన్ని సాచి దాని వైపు కదులుతుంది. చుక్క పక్కకు జరుగుతుంది, కణం కూడా మలుపు తిరుగుతుంది. దారిలో ఎర్రకణాలు అడ్డొస్తే తోసుకుని పోతుంది. అవి వంగి, సాగి, మళ్లీ గుండ్రంగా సర్దుకుంటాయి. చుక్క మళ్లీ తప్పుకుంటుంది, కణం మళ్లీ తిరుగుతుంది. చివరికి అందుకుంటుంది. చుక్క కణం లోపలికి వెళ్లిపోతుంది.

ఎన్నిసార్లు చూసినా ఆ మలుపు దగ్గర నాకు ఊపిరి ఆడదు. దీన్ని చూసిన ప్రతి ఒక్కరూ వేట అంటారు, యుద్ధం అంటారు. పాఠ్యపుస్తకాలు కూడా సైనికులని, కోటలని రాస్తాయి. ఆ పోలిక ఈ చిత్రాన్ని చిన్నబుచ్చుతుందని నా అభిప్రాయం. యుద్ధంలో సైనికుడికి కళ్లుంటాయి, ఆజ్ఞ ఇచ్చే సేనాని ఉంటాడు. ఈ కణానికి కన్ను లేదు, నరం లేదు, మెదడు లేదు, వెనకనుంచి ఆజ్ఞ ఇచ్చేవారూ లేరు. ఇంకో సంగతి: స్టఫైలోకాకస్‌కు కశాభం లేదు, అది ఈదలేదు. పారిపోతున్నట్టు కనపడేదంతా ద్రవంలో దానికి తగిలే తోపులాట. భయం మనం చేర్చినది. తరమడం మాత్రం నిజం.

ఆ తరమడం ఎలా సాధ్యం? బాక్టీరియా తన ప్రోటీన్‌లను ఫార్మైల్ మెథియోనిన్ అనే ప్రత్యేకమైన అమైనో ఆమ్లంతో మొదలుపెడుతుంది. ఆ ముక్కలు దాని చుట్టూ వ్యాపిస్తాయి. న్యూట్రోఫిల్ ముందు అంచుకూ వెనక అంచుకూ మధ్య ఆ రసాయనపు గాఢతలో నూటికి ఒకటి రెండు వంతుల తేడా ఉంటే చాలు, అది దిక్కు తెలుసుకుంటుంది. దాని ఒళ్లు మిల్లీమీటరులో దాదాపు వందోవంతు. ఆ వందోవంతులో నూటికి ఒకటి రెండు! మరింత ఆశ్చర్యం ఉంది. మన కణాల్లోని మైటోకాండ్రియా కూడా ప్రోటీన్‌లను అలాగే మొదలుపెడతాయి, ఎందుకంటే వాటి పూర్వులు ఒకనాటి బాక్టీరియాలే. అందుకే దెబ్బ తగిలి కణం పగిలితే, అందులో ఏ క్రిమీ లేకపోయినా, బయటపడిన మైటోకాండ్రియా ముక్కల వాసనకు న్యూట్రోఫిల్‌లు పరుగెత్తుకొస్తాయి. బెణికిన మడమ వాచడంలో కూడా ఆ పురాతన బంధుత్వం పాలుపంచుకుంటుంది.

ఈ దృశ్యానికి మొదటి రసజ్ఞుడు ఇల్యా మెచ్నికాఫ్. 1882లో ఆయన ఒడెస్సా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వదులుకుని, సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో సముద్రపు ఒడ్డున ఇల్లు తీసుకున్నాడు. ఒకనాడు ఇంటిల్లిపాదీ సర్కస్‌లో కోతుల విన్యాసాలు చూడటానికి వెళ్లారు. ఆయన ఒక్కడే సూక్ష్మదర్శిని ముందు కూర్చుని, అద్దంలా పారదర్శకమైన నక్షత్రచేప పిల్లలో తిరుగాడే కణాలను చూస్తున్నాడు. అవి తిండికోసమే కాక రక్షణకోసం కూడా తిరుగుతున్నాయేమోనన్న ఆలోచన అప్పుడు తట్టింది. నిజమైతే ముల్లు గుచ్చితే అవి దాని చుట్టూ మూగాలి. పెరట్లోకి వెళ్లి గులాబీ ముళ్లు తెచ్చి ఆ పిల్లల చర్మం కింద గుచ్చాడు. ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లవారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి.

ఈ కథను సాధారణంగా ఆవిష్కరణ కథగా చెబుతారు. అందులోని కళాత్మకత ఆ ప్రాణిని ఎంచుకోవడంలో ఉంది. నక్షత్రచేప పిల్లకు రక్తనాళాలు లేవు, నెత్తురు లేదు. కనుక ఎర్రబడటానికీ వేడెక్కడానికీ వీలే లేదు. సెల్సస్ చెప్పిన లక్షణాల్లో నాళాల వల్ల పుట్టేవన్నీ తీసేశాక కూడా మిగిలేది ఏదో ఆ పారదర్శకమైన ప్రాణిలో ఆయన చూశాడు. గాయం దగ్గరికి కణాలు నడిచిరావడం. శోథకు ఆత్మ అదే, మిగతాదంతా ఆ నడకకు బాట వేయడం. పాల్ ఎర్లిష్‌తో కలిపి మెచ్నికాఫ్‌కు 1908లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడు డిసెంబరులో మెస్సీనా నగరం భూకంపానికి నేలమట్టమైంది.

మింగిన తరువాత జరిగేదాన్ని క్లుప్తంగా చెబుతాను. న్యూట్రోఫిల్ ఆక్సిజన్‌ను వాడి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను, దానినుంచి హైపోక్లోరస్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. మనం బట్టలు తెల్లబరచే బ్లీచింగ్ ద్రావణంలో పనిచేసేది ఆ జాతి రసాయనమే. ఆ పని చేసే ఎంజైమ్ మైలోపెరాక్సిడేస్. దాన్ని 1941లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు అగ్నర్ చీములోంచే వేరుచేశాడు. అది ఆకుపచ్చగా ఉంటుంది. కఫానికీ చీముకూ ఉండే ఆ పచ్చ ఛాయ దానిదే. ఈ నాటకంలో ఆయుధానికి తనదైన రంగు కూడా ఉంది! 2004లో బెర్లిన్ పరిశోధకులు మరొకటి చూశారు. కొన్ని న్యూట్రోఫిల్‌లు తమ డీఎన్‌ఏనే బయటికి విప్పి వలగా పరిచి బాక్టీరియాను చిక్కించుకుంటాయి. తన వంశలిపిని వలగా నేసే పాత్రను ఏ నాటకకర్త ఊహించగలడు?

ఇంత చేసిన న్యూట్రోఫిల్ ఎంతో కాలం బతకదు. మన మూలుగ రోజుకు సుమారు 10,000 కోట్ల న్యూట్రోఫిల్‌లను పుట్టిస్తుంది, దాదాపు అన్నే రోజూ రాలిపోతాయి. చీములో ఎక్కువ పాలు అవే. ఇప్పుడు మళ్లీ బీభత్సం దగ్గరికి వెళ్లి చూడండి. ఆ పచ్చని, చిక్కని ద్రవం ఒక రోజు ఆయువుతో వచ్చి, ఒక్క పని చేసి, రాలిపోయిన కోటానుకోట్ల ప్రాణాలది.

జ్వరం, కాలేయం విడుదల చేసే సీఆర్‌పీ, గజ్జల్లో కట్టే బిళ్ళ, ఇవన్నీ కూడా ఈ కథలో ఉన్నాయి. వాటిమీద నిలవను. నా వాదమంతా చివరి అంకం మీద ఉంది.

పదకొండో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్నాడు. శోథలో ఔచిత్యానికి పరీక్ష అది ముగిసే తీరులో ఉంది. నిప్పు కట్టెలు అయిపోతే ఆరినట్టు శోథ కూడా తనంతట తాను చల్లారుతుందని ఒకప్పుడు అనుకునేవారు. హార్వర్డ్‌లో చార్లెస్ సెర్హన్ జీవితకాలపు పరిశోధన దాన్ని మార్చేసింది. 1984లో ఆయన స్వీడన్‌లో బెంగ్ట్ సామ్యుయెల్సన్ బృందంతో కలిసి, మంటను చల్లార్చే లైపాక్సిన్‌లు అనే పదార్థాలను కనుగొన్నాడు. తరువాత అదే పని చేసే రిసాల్విన్‌లు బయటపడ్డాయి. ముగింపు దానంతట అది రాదు, శరీరం పనిగట్టుకుని చేస్తుంది. న్యూట్రోఫిల్‌లను పిలిచే దశలో పనిచేసే ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే పదార్థమే, కొంతసేపటికి అదే కణాల్లో లైపాక్సిన్ తయారీని మొదలుపెట్టిస్తుంది. ముగింపుకు బీజం ఆరంభంలోనే నాటి ఉంది. బీజమూ ముగింపూ ఇలా కలిసిన రూపకాలను మన లాక్షణికులు ఉత్తమమైనవిగా ఎంచారు.

ఆ తరువాత మాక్రోఫేజ్‌లు వచ్చి, పని ముగిసి తమంతట తాము మరణించే న్యూట్రోఫిల్‌లను మింగుతాయి. ఈ మింగడంలో అలజడి లేదు. మరణించే కణం తన పైపొరను తిప్పి, నన్ను తీసుకుపొమ్మన్న గుర్తును బయటికి చూపిస్తుంది. అలా మింగిన మాక్రోఫేజ్ స్వభావం కూడా మారుతుంది. అప్పటిదాకా మంటను రేపిన కణం ఇప్పుడు చల్లార్చే సంకేతాలు, మాన్పే సంకేతాలు పంపుతుంది. రౌద్రం శాంతంలో లీనమయ్యే ఈ సంధిని నేను ఈ నాటకమంతటికీ శిఖరం అంటాను. రోజర్స్ చిత్రం దీన్ని చూపదు. అది దాని లోపమని కూడా అంటాను. పట్టుకోవడంతో చిత్రం ముగిసింది గనుక, చూసినవాళ్లు దాన్ని వీరరసంతో సరిపెట్టుకున్నారు.

ఈ ఔచిత్యం తప్పితే ఏమవుతుందో తెలుగునాట 2020, 2021లలో కోవిడ్ వచ్చినప్పుడు ఇంటింటా చూశాం. సీఆర్‌పీ అనే మాట అప్పుడే పల్లెల్లోకి కూడా వచ్చింది. 2020 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన రికవరీ పరీక్షలో, వెంటిలేటర్ మీదున్న రోగుల మరణాలను డెక్సామెథసోన్ సుమారు మూడోవంతు తగ్గించింది. ఆ మందు వైరస్‌ను ముట్టుకోదు, శోథను నెమ్మదింపజేస్తుంది. ఆ రోగులను చంపుతున్నది విరమించడం మరచిన తమ ఒళ్లే. కీళ్లవాతం కూడా ఇలాంటిదే, అక్కడ ఏ క్రిమీ లేకుండానే కీళ్లలో ఆ మంట ఏళ్లతరబడి సాగుతుంది. దానికి డాక్టర్లు ముందుగా రాసే మందు మెథొట్రెక్సేట్. 1895లో భీమవరంలో పుట్టి, న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం నుంచి వచ్చిన ఫోలిక్ ఆమ్ల విరోధుల కోవలోది అది. అప్పట్లో వాటిని పిల్లల రక్తక్యాన్సర్ కోసం తలపెట్టారు. ఇవాళ వారానికొకసారి చిన్న మోతాదులో వేసుకునే ఆ మాత్రతో ఎందరో మళ్లీ వేళ్లు ముడవగలుగుతున్నారు.

ఇంటర్ బైపీసీ పిల్లలు ఈ విషయాన్ని ప్రశ్నలుగా, బిట్లుగా చదువుతున్నారు. తెల్లకణాల రకాలు, వాటి శాతాలు, నీట్‌లో ఎన్ని మార్కులు. వాళ్లకు పాఠం చెప్పే అధ్యాపకులకు ఒక విన్నపం. బోర్డుమీద పటం గీయడానికి ముందు గదిలో దీపాలు ఆర్పి రోజర్స్ చిత్రం చూపించండి. ఇంటర్నెట్‌లో తేలిగ్గా దొరుకుతుంది, చాలా చిన్నది. మాటలు చెప్పకుండా రెండుసార్లు చూపించండి. మూడోసారి, ఆ కణం మలుపు తిరిగేచోట ఆపి, దానికి కళ్లు లేవని చెప్పండి. ఆ తరువాత చిత్రంలో లేని చివరి అంకం కూడా చెప్పండి.